నల్ల గీతల పెట్టె

అరవైల మొదట్లో చీరాల దగ్గర ఒక ఆఫీసులో మిరప రైతులకు కరపత్రాలు రాయడం నా ఉద్యోగం. పురుగుమందు ఎంత కలపాలి, ఎప్పుడు కొట్టాలి అన్నవి వరసగా రాసి, ప్రమాదం సంగతి మాత్రం విడిగా పెట్టెకట్టి వేయించేవాణ్ణి. అది అందరి కంటా పడాలని నా తాపత్రయం. ఆ తెలివికి నాలో నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ ఏడు కరపత్రం చివర, మందు కొట్టిన చేలో గడ్డి పశువులకు వేయకూడదని రాసి, చుట్టూ లావుపాటి నల్ల గీత వేయమన్నాను. ప్రెస్సులో అక్షరాలు కూర్చే ముసలి సాయిబు గారు నసిగారు.

“ఇంత లావు గీత చావు కార్డులకే వేస్తామండి. సన్నది వేద్దామా?”

“చెప్పింది వెయ్యండి. రైతుల సంగతి నాకు తెలీదా?” అన్నాను. ఆయన మా నాన్న కంటే పెద్దవారు. నేను చెప్పినట్టే వేశారు.

మిరప పూతకొచ్చాక మార్టూరు వైపు ఊళ్ళు తిరుగుతూ, భర్త పోయాక గేదె పాలమీదే బతుకుతున్న ఒకావిడ ఇంటి ముందు ఆగాను. పాకలో కట్టుగొయ్య ఖాళీగా ఉంది.

“మూణ్ణాళ్ళయిందయ్యా గేదె పోయి. చేలో గడ్డి కోసుకొచ్చి వేశా, సాయంత్రానికి పడిపోయింది. ఎవరి దిష్టి తగిలిందో.”

కరపత్రం అందలేదా అని అడిగాను. చూరులోంచి తీసి చూపించింది. అడుగు భాగం లేదు.

“ఆ కింద ఎవరో పోయిన కబురు ఉందయ్యా. నాకు చదువు రాదు, నల్లగీతలు చూసి పోల్చుకున్నా. అట్టాంటిది ఇంట్లోకి తేగూడదు గదా, వాకిట్లోనే చించేశా. మిగతాది మా తమ్ముడు చదివి చెబితే అట్టాగే చేశా.”

మా ఇంట్లోనూ అంతే. మా మేనమామ పోయిన కార్డును వీధిలో నిలబడి చించింది నేనే. గీత వేయించేటప్పుడు అది గుర్తుకు రాలేదంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ పూటే ఊళ్ళో ప్రతి గడపకూ వెళ్ళి గడ్డి సంగతి నోటితో చెప్పాను, ఆవిడకు తప్ప. ఆవిడ ఇంటి ముందు ఆపిన సైకిలెక్కబోతుంటే వాకిట్లోంచి అడిగింది.

“ఇంతకీ పోయిందెవరయ్యా?”

“మీకు తెలిసినవాళ్ళు కాదులెండి” అని వచ్చేశాను.