తట్ట దించుకునే చోటు

సింగపూర్ వెళ్ళొచ్చినవాళ్ళు ఫోన్ తీస్తే ఎత్తయిన మేడలూ, రంగుల లైట్లూ, వాటి ముందు నల్లకళ్ళద్దాలతో తామూ కనిపిస్తారు. యువరాజు ఫోన్ తీస్తే తలుపు పిడి కనిపిస్తుంది. వేలితో పక్కకు తోస్తే ఇంకో పిడి. ఆ తర్వాత మెట్ల పక్క కమ్మీ, కుళాయి, చెత్తబుట్ట మూత. పెళ్ళయి పదిహేనేళ్ళయినా అతని భార్య మోహినికి ఈ పిచ్చి అంతుబట్టలేదు. “దేశంగాని దేశమెల్లి తలుపులకి ఫొటోలు తీత్తావేటి మావా? మనింటికి తలుపు నేదా?” అని నవ్వుతుంది.

యువరాజు వెల్డరు. పూండికి తూర్పున, సముద్రం ఒడ్డునే అతని ఊరు. తండ్రి, తాతలు వేటకు వెళ్ళి బతికారు. ఇతనికేమో పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. వేట ఇంట పుట్టినవాడికి ఇంతకంటే తలవంపులేముంటాయి? పద్దెనిమిదో ఏట టెక్కలిలో వెల్డింగ్ నేర్చుకుని ఎటో వెళ్ళిపోయాడు. చివరికి తేలింది సింగపూర్‌లో, ఓడలు బాగుచేసే యార్డులో. సముద్రానికి జడిసి పారిపోయినవాడు పన్నెండేళ్ళుగా ఓడలకే అతుకులు వేస్తున్నాడు.

అక్కడ దిగిన రోజునే ఒక తలుపు అతన్ని కట్టిపడేసింది. వాళ్ళ బసలో తలుపుకు లోపలివైపు పట్టుకుని లాగే కడ్డీ ఉంది, బయటివైపు చదునైన రేకు మాత్రమే ఉంది. రేకును పట్టుకుని లాగమన్నా ఎవరూ లాగలేరు, తోయాల్సిందే. ఇంగ్లీషు ముక్క రాని యువరాజు ఒక్క అక్షరం చదవకుండా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. అంతకు వారం ముందే మన దేశంలో ఒక ఆఫీసులో, తోయమని తెలుగులో రాసిపెట్టిన తలుపును లాగి లాగి నలుగురిలో నవ్వులపాలైన మనిషి! తప్పు తనది కాదనీ, ఆ తలుపుదనీ ఆ రోజు అర్థమైంది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అన్నీ అంత సులువుగా లొంగాయని కాదు. పిడి లేని కుళాయి ముందు ఐదు నిమిషాలు నిలబడి, తిప్పేదేదీ దొరక్క, ఇక లాభం లేదని చేతులు చాపి తిట్టబోతే నీళ్ళు పడ్డాయి. కానీ ఆదివారాలు బయట తిరిగినకొద్దీ అతనికి ముచ్చటేసేది. రైలు స్టేషన్ మెట్లకు రెండు కమ్మీలు, ఒకటి పైన, ఒకటి కింద. కిందది ఎవరికోసమో తెలియక అరగంట అక్కడే కూర్చున్నాడు. ఒక పిల్ల దాన్ని పట్టుకుని దిగింది, వెనకాలే నడుం వంగిన ముసలాయన దాన్నే పట్టుకుని ఎక్కాడు. టికెట్ మిషను ముందు సంచీ పెట్టుకోడానికి అరచేయంత బల్ల ఉంది. రోడ్డు దాటేచోట ఒక ముసలమ్మ తన కార్డు స్తంభానికి ఆనిస్తే, ఆమె దాటేదాకా పచ్చలైటు మరికాసేపు నిలిచింది. కార్లన్నీ ఆగి ఉన్నాయి, ఆమె తన నడక తను నడిచింది. ‘ఎవులో కూకుని ఈ ముసల్దాని గురించి ఆలోసించినారు’ అనుకుంటే యువరాజుకు కళ్ళు చెమర్చాయి.

మొన్న మాఘమాసంలో అతను నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. అప్పటికి ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది.

అతని తల్లి నూకమ్మకు అరవై రెండేళ్ళు. నలభై ఏళ్ళుగా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముతోంది. తెల్లవారి ఒడ్డున కవళ్ళో, కానాగడతలో, ఆ రోజు వలలో పడ్డ చేపలు కొంటుంది. ఆటోలో పూండి దాటి దిగుతుంది, ఆటో అబ్బాయి తట్ట నెత్తికెత్తుతాడు. అక్కడినుంచి కొబ్బరి, జీడి తోటల మధ్య ఇసుకదారిన గంట నడక, ఒంటరిగా. ఊళ్ళోకి చేరితే ఇల్లాళ్ళు చెయ్యేసి దింపుతారు. తిరిగి రావడం ఇంకో రోడ్డున, ఆటోలోనే.

పలాసలో డాక్టరమ్మ ఆమె రక్తం పరీక్ష చూసి గట్టిగానే చెప్పింది, ఎండలో నడిచేటప్పుడు అరగంటకోసారి నీళ్ళు తాగాలని, లేదంటే తట్ట మానేయాలని. ఊరూరా కిడ్నీల జబ్బుతో మనుషులు పోతున్న ఉద్దానంలో ఆ మాట విన్నవాళ్ళెవరూ తేలిగ్గా తీసుకోరు. నూకమ్మ కూడా తీసుకోలేదు. కానీ నెత్తిన ఇరవై కేజీల తట్ట ఉండగా తల వెనక్కి వంచి నీళ్ళు తాగేదెలా?

“దించుకుని తాగొచ్చు కదమ్మా,” అంది మోహిని.

“దించితే మళ్ళీ ఎత్తేదెవులే? ఆ తోటల్లో నక్కలెత్తుతాయా?”

“అయితే మానీ అమ్మా. నాను పంపింది సాల్దా?” అన్నాడు యువరాజు.

నూకమ్మ కొడుకు వంక ఎగాదిగా చూసింది. “నీ డబ్బులు సాల్తాయిరా. నాకే సాల్దు. ఆ ఊళ్ళల్ల నా కోసం సూసే ఇల్లు ముప్పయ్యున్నాయి. ఇంట కూకుంటే నాను మంచమెక్కిపోతాను.”

యువరాజు సెలవు పూర్తయ్యేలోగా ఏదో ఒకటి తేలాలి. లేకపోతే అతను విమానమెక్కేనాటికి తట్ట అటకెక్కుతుందని అత్తా కోడళ్ళు ఒప్పుకున్నారు. ఆ రాత్రి నూకమ్మ అన్నం సరిగా తినలేదు.

మర్నాడు యువరాజు టేపు పట్టుకుని తల్లిని గోడకు నిలబెట్టి కొలిచాడు. పూండిలో స్నేహితుడి షెడ్డులో ఇనుప కోణాలు కోసి, తల ఎత్తున ఒక అరుగు చేశాడు. తట్ట నెత్తిమీదనుంచి పక్కకు జరిపితే చాలు, దానంతటది అరుగెక్కాలి. నీళ్ళు తాగాక మళ్ళీ దాని పక్కన నిలబడి తట్టను నెత్తిమీదికి జరుపుకుంటే ప్రయాణం. దారి మధ్యలో ఉన్న తోట భాస్కరరావుది. ఆయన తన కంచె పక్క, పనసచెట్టు కింద పాతుకోమన్నాడు. అతుకులు నున్నగా అరగదీసి, నీలం రంగు వేసి, యువరాజు పెళ్ళికొడుకులా ఎదురుచూశాడు.

నూకమ్మ వచ్చింది. అరుగు పక్కన నిలబడింది. తట్ట అంచు ఇనుముకు కొట్టుకుని ఆగిపోయింది. మునివేళ్ళ మీద లేవబోయింది, ఇసుకలో పాదాలు ఇంకాస్త దిగాయి. తట్ట ఊగింది. యువరాజు ఒక్క దూకున వెళ్ళి పట్టుకోకపోతే కవళ్ళన్నీ నేలపాలే.

“నన్నెక్కడ కొలిసినావురా?”

“ఇంట్ల... గచ్చు మీద.”

“ఇక్కడ గచ్చుందేటి? మన ఇసక మర్సిపోనావేట్రా! బరువెత్తితే మెడ దిగతాది, ఇసకల కాలు దిగతాది. నాను రెండంగుళాలు పొట్టయిపోనూ?”

యువరాజు తల దించుకున్నాడు. పన్నెండేళ్ళు సిమెంటు మీద నడిచిన కాళ్ళకు ఇసుక గుర్తులేదు. సింగపూర్‌లో ఆ ముసలమ్మ కోసం లైటు పెట్టినవాడు ఆమె నడకను చూసి ఉంటాడు. తను తల్లిని గోడకు ఆనించి కొలిచాడు, నడుస్తుంటే ఒక్కరోజూ చూడలేదు. సిగ్గేసింది.

తర్వాత మూడు రోజులు ఆమె వెనకాలే నడిచాడు. మెడ ఎంత దిగుతుందో, ఏ కాలు ముందు ఆనుతుందో, ఏ చెయ్యి తట్ట మీద ఉంటుందో చూశాడు. “దొంగలాగ వెనక పడతావేట్రా?” అని ఆమె కసిరింది. నాలుగో రోజు కాళ్ళు కోశాడు. నిలబడేచోట ఒక నాపరాయి పరిచాడు. అరుగు అంచున తిరిగే పైపు ముక్క బిగించాడు, తట్ట దానిమీద జారుతుంది. పక్కనే ఇంకో అరుగు, జానెడు తక్కువ ఎత్తున.

“అదెవులికి?” అంది మోహిని.

“పెద్దతల్లికి,” అన్నాడు. పెద్దతల్లి పక్కింటి ఆమె, అదే దారిన మరో వేళ వెళ్తుంది, నూకమ్మ గడ్డం దాకానే వస్తుంది. ఆ మాట విని పెద్దతల్లి, “నా పొట్టితనం సింగపూర్ దాకా ఎల్లిందేటర్రా!” అని మురిసిపోయింది.

సెలవింకా నాలుగు రోజులుందనగా నూకమ్మ మళ్ళీ ఆ చెట్టు కిందికి వచ్చింది. యువరాజు కంచె దగ్గరే నిలబడ్డాడు, చెయ్యి వెయ్యలేదు. అదే దారిన సైకిల్ మీద పోతున్న ఒకాయన అలవాటు కొద్దీ ఆగి, “దించమంటావా అమ్మా?” అన్నాడు.

“ఒద్దు నాయినా.”

నాపరాయి ఎక్కింది. మెడ కొద్దిగా వంచింది. తట్ట పైపు మీద జారి, అరుగు మీద కూర్చుంది. నూకమ్మ చేతులు కాసేపు గాలిలోనే ఉండిపోయాయి. తర్వాత చెంగులోంచి సీసా తీసి, రాతి మీద కూర్చుని, తల వెనక్కి వంచి గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీదనుంచి మెడ మీదికి కారాయి. సీసా ఖాళీ అయినా ఆమె తల దించలేదు.

“ఏటమ్మా, మెడ పట్టేసిందా?” అంటూ యువరాజు కంగారుగా దగ్గరికొచ్చాడు.

ఆమె పైకే చూస్తోంది.

“నలబయ్యేళ్ళు దీని కిందనుంచే నడిసినాన్రా,” అంది. “ఈ సెట్టు ఇంత ఎత్తని నాకు తెల్దు.”