తెర మీది చుక్క, శకుంతలక్క

ఏకాదశి పారాయణ ముగిసింది. హాలులో కర్పూరం వాసన ఇంకా ఆరలేదు. మా తమ్ముడి కూతురు స్వాతి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద నల్లటి పెట్టె, దానిలో వెలుగుతూ ఆరుతూ ఒక తెల్లటి గీత. మా భజన సమాజం వెబ్‌సైటుకు స్వాతి కొత్తగా అమర్చిన పెట్టె అది. "ఇదివరకు రక్తదాతల కోసం వెతకాల్నంటే ఈడ నొక్కు, ఆడ నొక్కు అన్నట్టుండె అత్తమ్మా. ఇప్పుడు గవేమి లెవ్వు. ఏం కావాల్నో టైపు కొట్టుడే. దవాఖానోళ్ళకు జల్ది పనైతది" అంది. నాకు చూపించడానికని ఓ నెగెటివ్ అనీ, హన్మకొండ అనీ కొట్టి ఎంటర్ నొక్కింది. కంటిరెప్ప వేసేలోగా జవాబు వచ్చింది. 'ఎవరూ లేరు.' దాని కింద ఆ గీత మళ్లీ వెలుగుతూ ఆరుతూ నిలబడింది.

పొద్దుటినుంచీ నేను ఉపవాసం. ఆ రెండు మాటలు చూడగానే చాలా ఏళ్ల కిందటి ఒక ముసురు రోజు కళ్లముందుకొచ్చింది. ముక్కుకు పాత యంత్రం మీద వేడెక్కిన దుమ్ము వాసన తగిలింది, వర్షంలో తడిసిన నూలు చీర వాసన తగిలింది. అవి ఆ హాలులోవి కావు. "ఇయ్యాల ఏం దినమే?" అని స్వాతిని అడిగాను. అడిగిన గొంతు నాదే, అడిగిన తీరు మాత్రం శకుంతలక్కది.

శకుంతలక్క అంటే ఇప్పుడు హన్మకొండలో తెలిసినవాళ్లు తక్కువ. ఎనభైల్లో చౌరస్తా దగ్గర గిన్నెల దుకాణం పైన ఒక గదిలో కంప్యూటర్ నేర్పే సంస్థ నడిపేది. ఊళ్లో ఆ మాట ఇంకా కొత్త. హైదరాబాదులో ఏదో పెద్ద కంపెనీలో పనిచేసి, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. భర్త వాళ్లది ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. కోడలు దుకాణాల మీద గది తీసుకుని మగపిల్లలకు పాఠాలు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఆమె ఎవరినీ నచ్చమని అడగలేదు కూడా. నేను డిగ్రీ పూర్తిచేసి టైపు నేర్చుకున్నానని, ఆమె దగ్గర పనికి పెట్టారు మా నాన్న. నేను పుట్టింది కిరాణా దుకాణం ఇంట్లో, పెరిగింది భజన సమాజంలో. శ్లోకం లేనిదే మాకు అన్నం లేదు. శకుంతలక్క ఇంట్లో దేవుడి పటం ఉండేది, దండం పెట్టేది. అంతకుమించి ఏమీ లేదు. ఏకాదశి నాడు కూడా కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని నా ఎదురుగానే తినేది. నేను ముఖం తిప్పుకునేదాన్ని. "నీ ఉపాసం నువ్వుండు పద్మా, నా బజ్జీకి శాపం పెట్టకు. కడుపుల నొస్తది" అనేది నవ్వుతూ.

మొదటి రోజు ఆమె నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెళ్లిపోయింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి ఉంది. ఇంకేమీ లేదు. అది ఏదో చెబుతుందని నేను ఎదురుచూశాను. చాలాసేపటికి ఆమె తిరిగివచ్చి, "ఏం చేస్తానవ్?" అంది. "అది ఏమంటదో చూస్తాన అక్కా" అన్నాను. పగలబడి నవ్వింది. "హోటళ్ల సర్వరనుకున్నవా? ఇడ్లీ, వడ, పూరీ అని ఒప్పజెప్తందుకు? ఇది మనింటి వంటిల్లు. ఏ డబ్బాల ఏమున్నదో నీకే తెల్వాలె. ఏం కావాల్నో నువ్వే అనాలె." తర్వాత నవ్వు ఆపి, నేను ఈనాటికీ మరచిపోలేని మాట అంది. "ఇంకోటి యాదికి పెట్టుకో. నువ్వు తప్పడిగితే తప్పని చెప్పదు. ఆ తప్పుకే సక్కగ జవాబు చెప్తది." అందుకే ఆమె గదిలో ఒక పద్ధతి ఉండేది. కొట్టిన ఆజ్ఞను పైకి చదివి, పక్కనున్నవాళ్లు విని సరేనన్నాకే ఎంటర్ నొక్కాలి. పక్కన ఎవరూ లేకపోతే గోడకైనా వినిపించాలి. సమాజంలో ఒకరు నామం చెబితే అందరూ నమః అనడం నాకు పసితనం నుంచి అలవాటు. ఆ పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు. అదొక్కటే ఆ గదిలో మా హాలును గుర్తుచేసేది.

మా సమాజానికి పెద్ద నరహరి గారు. బడిలో తెలుగు పంతులు. నాకు అక్షరం వచ్చింది బడిలో, అర్థం వచ్చింది ఆయన పురాణంలో. ఆయన పూనికతోనే సమాజం సభ్యులు రక్తం ఇవ్వడానికి పేర్లిచ్చారు. ఎవరిది ఏ గ్రూపో కంప్యూటర్‌లో పెడితే ఆపదలో వెంటనే దొరుకుతుందని నేను అన్నాను. శకుంతలక్క తన మిషన్‌ను వాడుకోనిచ్చింది. దవాఖాన నుంచి రోగుల మనుషులు డాక్టరు చీటీ పట్టుకుని మా గదికి వచ్చేవాళ్లు. నేను చుక్క పక్కన నాలుగు మాటలు కొడితే పేర్లు వచ్చేవి. అయితే ఒక ఏకాదశి నాడు పిలవగానే వెళ్లిన సభ్యుడొకడు ఖాళీ కడుపుతో రక్తం ఇచ్చి మంచం మీదే సొమ్మసిల్లాడు. అప్పటినుంచి నరహరి గారు ఒక కట్టుబాటు పెట్టారు. ఉపవాసం ఉన్నవాళ్లను ఆ రోజు పిలవకూడదు.

అందుకోసం ఏకాదశి పొద్దున నేను ఒక ఆజ్ఞతో వాళ్ల పేర్లను దాచిపెట్టేదాన్ని. పేర్లు చెరిగిపోవు, కనబడవు అంతే. ద్వాదశి పారణ అయ్యాక తిరిగి బయటికి పిలిచేదాన్ని. ఆ ఆజ్ఞ నేర్పింది శకుంతలక్కే. కానీ నేర్పుతూనే ముఖం చిట్లించింది. "వాళ్ళు ఉపాసమున్నరని చూపెట్టు. దాసుడెందుకు? దాసుడు అలవాటైతే, దాసినమన్న సంగతే మర్సిపోతం." నేను ఒప్పుకోలేదు. "కనబడితే ఎవరో ఒకరు పోయి అడుగుతరక్కా. వ్రతం చెడుతది. చెడగొట్టిన పాపం మనకు" అన్నాను. "సరే తల్లీ, నీ పాపపుణ్యాల లెక్క నాకు రాదు" అని ఊరుకుంది.

ఆ సంవత్సరం తొలి ఏకాదశి నాడు పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నం దాటాక ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. పేరు ఐలయ్య. వర్ధన్నపేట దిక్కు ఊరు, మార్కెట్లో బస్తాలు మోస్తాడు. తడిసిన అంగీ లోపలినుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన చీటీ తీసి ఇచ్చాడు. భార్యకు కాన్పు కష్టమైంది. రక్తం పోతోంది. ఓ నెగెటివ్. దవాఖానలో ఆ రక్తం లేదు. "అమ్మా, జల్ది చూడుండ్రి. డాక్టరమ్మ పొద్దుగూకేదాక ఆగదన్నది" అన్నాడు. నేను కొట్టాను. పైకి చదివాను. ఎంటర్ నొక్కాను. డిస్కు గరగరలాడింది. ఎవరూ లేరని వచ్చి, కింద చుక్క నిలిచింది.

"లేరయ్యా" అన్నాను. అతను కదలలేదు. తెరను చూశాడు, నన్ను చూశాడు. "ఒక్కపారి మల్ల అడుగమ్మా. దానికి మంచిగ చెప్పు. మా ఇంటామె అని చెప్పు" అన్నాడు. యంత్రానికి ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలియదు. మళ్లీ అదే కొట్టాను. మళ్లీ అదే జవాబు. అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నేను కళ్లు మూసుకుని స్వామిని తలచుకున్నాను. అప్పుడే శకుంతలక్క చేతిలో బజ్జీల పొట్లంతో లోపలికి వచ్చింది. ఐలయ్యను చూసి, చీటీ చదివి, పొట్లం కిటికీలో పెట్టింది.

"ఏమని అడిగినవ్? చదువు."

చదివాను.

"సక్కగనే ఉన్నది." నా వైపు తిరిగింది. "ఇయ్యాల ఏం దినం?"

"తొలి ఏకాదశి."

"పొద్దుగాల ఎవల్నెవల్ని దాసినవ్?"

అప్పుడు గుర్తొచ్చింది. ఉపవాసమున్నవాళ్లు ఆ రోజు లేనట్టే అని నా నమ్మకం. నేనే దాచిన పేర్లు నాకే లేకుండా పోయాయి. లైటు ఒకసారి మసకబారింది. స్టెబిలైజర్ టక్కుమంది. ముసురు పట్టినప్పుడల్లా కరెంటు పోతుంది, పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. శకుంతలక్క నా భుజం మీదుగా వంగి, "ఫికర్ చెయ్యకు. దాసినోళ్ళను చూపెట్టమను, తర్వాత మల్ల అడుగు. చదివే నొక్కు" అంది. కరెంటు పోతుందన్న భయంలో కూడా ఆమె ఆ పద్ధతిని వదలలేదు. నేను చదివాను. ఆమె "ఊఁ" అంది. లైటు మళ్లీ మసకబారింది. డిస్కు గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. ఒక్క పేరు వచ్చింది. అది నరహరి గారిది. పేరు కాగితం మీద రాసుకునేలోగా తెర నల్లబడి, పంకా ఆగిపోయింది.

ఐలయ్యను దవాఖానకు పంపి, శకుంతలక్క తన మోపెడ్ మీద నన్ను ఎక్కించుకుని వానలో సమాజం హాలుకు వచ్చింది. లోపల నామపారాయణ సాగుతోంది. నరహరి గారు పొద్దుటినుంచి నీళ్లు కూడా ముట్టలేదు. ఆయన నామం చెబుతున్నారు, అందరూ నమః అంటున్నారు. పారాయణ మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. అది కట్టుబాటు కంటే ఎక్కువ. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్కసారి కూడా దాన్ని తప్పలేదు. శకుంతలక్క చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చీర అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. "బజ్జీలు తినుడైనట్టున్నది, పుణ్యం కోసం వచ్చింది" అని వెనక వరసలో ఎవరో ఆడమనిషి గొణిగింది. శకుంతలక్క విన్నది. నా వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోసింది.

నేను వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన నామం చెప్పారు, అందరూ నమః అన్నారు. నేను అనలేదు. ఇంకో నామం. నేను అనలేదు. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. ఎవరి నోరు కదలడం లేదో గురువుకు తెలుస్తుంది. ఆయన పెదవులు ఆగాయి. హాలంతా ఆగింది.

"దవాఖాన్ల ఒక తల్లి సావుబతుకుల్ల ఉన్నదండి. మీ రక్తమే కావాలె. ఇచ్చే ముందు మీరు తినాలె" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినబడింది.

"తొలి ఏకాదశి నాడా! ఇంకెవల్నన్న చూసుకోండ్రి" అన్నారు ఎవరో.

"ఇంకెవ్వల్లేరు" అంది శకుంతలక్క గుమ్మం నుంచి.

నరహరి గారు ఆమె వైపు తిరిగారు. "సరిగ్గ అడిగిండ్రామ్మా?"

"ముందుగాల సరిగ్గ అడగలేదండి, ఉపాసమున్నోళ్ళ పేర్లు దాసిపెట్టి అడిగినం. ఇప్పుడు సరిగ్గ అడిగినం."

ఆయన ముఖంలో ఏమి జరుగుతోందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. నేలను చూస్తూ కూర్చున్నాను. చివరికి అన్నారు. "ఉపాసమున్నోళ్ళను పిలవొద్దని చెప్పింది నేనే. వ్రతం దేవునికి చూపెడతందుకు పట్టినం. దాన్ని అడ్డం పెట్టుకుని మనిషికి కనబడకపోతే ఎట్ల?" పక్కనున్న పళ్లెంలో స్వామికి నైవేద్యం పెట్టిన పేలపిండి ఉంది. దాన్ని చూపించి, "పెట్టుండ్రి" అన్నారు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నిర్జల వ్రతం పట్టిన మనిషికి ఆ రోజు ముద్ద పెట్టి ఆ పాపం ఎవరు మోస్తారు? నా చెయ్యి కూడా లేవలేదు. ఆయన గుమ్మం వైపు చూసి, "నువ్వియ్యమ్మా" అన్నారు.

శకుంతలక్క తడబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "నేనా? నేను తిన్నదాన్నండి ఇయ్యాల..." అంది. "అందుకే నీ చెయ్యి లేస్తది" అన్నారాయన. ఆమె చెప్పులు బయట పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వచ్చి, ఆయన దోసిట్లో పేలపిండి వేసింది, నీళ్లు పోసింది. ఆయన కళ్లు మూసుకుని తిన్నారు. తర్వాత పంచె ఎగగట్టి, శకుంతలక్క మోపెడ్ వెనక కూర్చుని, ఒక చేత్తో గొడుగు పట్టుకుని వానలో పోయారు. గొడుగు గాలికి వెనక్కి తిరగబడింది. ఆయన దాన్ని అలాగే పట్టుకుని ఉన్నారు. మేము నవ్వలేదు. మిగిలిన నామాలు నేనే చెప్పాను.

తల్లి బతికింది. ఆడపిల్ల పుట్టింది. ఐలయ్య ఆ వారంలోనే గదికి వచ్చి, శకుంతలక్కకు దండం పెట్టి, తర్వాత తెరకు కూడా దండం పెట్టాడు. "దానికెందుకయ్యా, అది లేరనే అన్నది" అంది ఆమె. అతను వెళ్లిన మరుక్షణం కూర్చుని ప్రోగ్రాం మార్చింది. ఇక మీదట లేరు అనే ముందు, దాచినవాళ్లు ఎందరో, ఎందుకు దాచామో అది చెప్పాలి. నరహరి గారు కట్టుబాటు ఎత్తేయలేదు, సవరించారు. ఉపవాసం ఉన్నవాళ్ల పేర్లు కనబడాలి, పక్కన వ్రతమని ఉండాలి, ప్రాణం మీదికి వస్తే అడగాలి. ఇవ్వడం, మానడం వాళ్లకూ దేవుడికీ మధ్య సంగతి. శకుంతలక్క ఆ తర్వాత కూడా ఏకాదశి నాడు బజ్జీలు మానలేదు. నేను ముఖం తిప్పుకోవడం మానేశాను.

గది ఎప్పుడో మూతపడింది. ఆమె కూడా ఇప్పుడు లేదు. ఆమె నేర్పిన ఆజ్ఞల్లో ఒక్కటి కూడా ఈనాటి యంత్రాలకు పనికిరాదు. కానీ నా ప్రార్థనలోకి ఆమె పద్ధతి ఎలా చొరబడిందో చెప్పలేను. అడిగింది దొరకనప్పుడు నేను స్వామిని నిందించను. ఏమని అడిగానో పైకి ఒకసారి చదువుకుంటాను. ఎవరిని దాచిపెట్టి అడిగానో చూసుకుంటాను. చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు ఉంటారు.

"ఏకాదశి కదా అత్తమ్మా, నువ్వే ఉపాసం ఉన్నవు, నన్నడుగుతానవా?" అంది స్వాతి.

"ఉపాసమున్నోళ్ళను నీ పెట్టె ఏం చేస్తాంది?"

స్వాతి తెర వైపు చూసింది. తర్వాత నాలుక కరుచుకుంది. "ఇయ్యాల్టికి తీసేస్తాంది. పాత పేజీల వాళ్ల పేర్లు, వ్రతమని కింద చిన్న అక్షరాల్ల రాసుండె. ఈ పెట్టెల అది చెప్పే జాగ పెట్టలే." అక్కడే నేల మీద కూర్చుని ఏదో సరిచేసింది. హాలులో జంపఖానాలు మడుస్తున్నారు. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టింది.

"ఆగు. చదువు" అన్నాను.

స్వాతి నవ్వి, పైకి చదివింది. నేను విన్నాను.

"ఊఁ. ఇప్పుడు నొక్కు."