ఫోనుకు మూడు కొటేషన్లు

మా దీవిలో, మిన్నీ బే ఒడ్డున సిమెంటు బెంచీల మీద కూర్చునే పెద్దమనుషులంటే నాకు చాలాకాలంగా ఏవగింపు. ఎదురుగా సముద్రం ఉంటుంది. వాళ్లు మాత్రం తల వంచుకుని అరచేతిలోకి చూసుకుంటూ ఉంటారు. ఒక రిటైర్డ్ ఆఫీసరు ఒక ఉదయం నన్ను పిలిచి మరీ తన ఫోను చూపించాడు. అందులో ఎక్కడిదో సూర్యోదయం, దాని మీద గులాబీ పువ్వు, కింద హిందీలో శుభోదయం. అసలు సూర్యుడు అప్పుడే ఆయన వీపు వెనక కొబ్బరిచెట్ల మీదికి వస్తున్నాడు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆ బొమ్మను ఇంకో నలభై మందికి పంపించి, ఏదో పని పూర్తి చేసినవాడిలా నిట్టూర్చాడు. సర్వీసులో ఉండగా ఆయన ఒక్క ఫైలును కూడా అంత శ్రద్ధగా ముందుకు పంపించగా నేను చూడలేదు.

ఫోనులు లేని బెంచీ అక్కడ ఒక్కటే ఉండేది. అది మా ఇద్దరిది. నేనూ, నా స్నేహితుడూ.

మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. నేను స్టోర్స్‌లో, అతను అకౌంట్స్‌లో. మేకులు కొన్నా, గొడుగులు కొన్నా నేను ఫైలు పెట్టాలి, అతను పాస్ చెయ్యాలి. అతను పాస్ చేసేవాడు కాదు. "మూడు కొటేషన్లలో ఒకదానిపై తేదీ లేదు" అని రాసి వెనక్కి పంపేవాడు. తేదీ వేయించి పంపితే "సంతకం స్పష్టంగా లేదు" అనేవాడు. ఇరవై ఏళ్లు అలా గడిచాక ఇద్దరం ఒకే ఏడాది రిటైరై, ఆ బెంచీ మీద కూర్చుని రోజూ సాయంత్రం అయిదింటి నుంచి చీకటి పడేదాకా వాదించుకున్నాం. నేను చిన్నప్పటి నుంచీ డైరీ రాసేవాణ్ని. ఏ రోజు ఏ విషయం మీద వాదన జరిగింది, ఎవరు నెగ్గారు అన్నది డైరీలో రాసేవాణ్ని. నా డైరీ ప్రకారం ఎక్కువసార్లు నెగ్గింది నేనే.

అలాంటి మనిషికి గొంతులో కణితి వచ్చింది. చెన్నై తీసుకెళ్లారు. స్వరపేటిక తీసేశారు. ఇక ఆ గొంతులోంచి మాట రాదు.

అప్పటికి నా దగ్గర ఉన్నది మీటలు నొక్కే ఫోను. ఆపరేషనైన పన్నెండో రోజున దానికి అతని భార్య ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఆయన బాగానే ఉన్నారు. పలక కొనిచ్చాం. ఏం కావాలన్నా దాని మీద రాస్తున్నారు. ఇదిగో, మీ గురించే ఏదో రాస్తున్నారు."

"చదవండమ్మా."

"మీరు కులాసాగా ఉన్నారా అని అడుగుతున్నారు."

"వాడు అలా రాయడు. ఉన్నదున్నట్టు చదవండి."

"ఛీ, నేను చదవను అన్నయ్యగారూ. ఆసుపత్రిలో నలుగురూ ఉన్నారు."

మిగతా వైద్యానికి మూడు నెలలు అక్కడే గది తీసుకుని ఉండాలన్నారు. మూడు నెలల తర్వాత సంగతి ఎవరూ చెప్పడం లేదు. ఆ మూడు నెలలూ అతని తిట్లు ఆమె నోట్లో వడపోత అయి, కుశలప్రశ్నలుగా మారి నాకు చేరడం నేను భరించలేననిపించింది. అతనికి మిగిలింది ఆ పలక. దాన్ని నేను నా కళ్లతో చదవాలి. అంటే వీడియో ఉన్న ఫోను కావాలి. అంటే నేనూ ఆ తలవంచుకున్న మందలో చేరాలి. ఫోను కొని వీడియోలో వస్తానని ఆమెకు చెప్పాను.

డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉండే మా అమ్మాయి టీచరు. విషయం వినగానే బీరువాలోంచి తన పాత ఫోను తీసింది.

"నాన్నా, ఇది తీసుకో. బాగానే పనిచేస్తుంది. ఇప్పుడే మాట్లాడొచ్చు."

నేను తీసుకోలేదు. వాడేసిన సామాను తనిఖీ రిపోర్టు లేకుండా స్టాకులోకి తీసుకోవడం నా సర్వీసులో ఎన్నడూ జరగలేదు. కొంటే కొత్తది, అదీ పద్ధతిగా కొంటానన్నాను.

"ఫోను కదా నాన్నా, జనరేటరు కాదు కదా!"

ఆ రాత్రే డైరీలో కావలసిన లక్షణాలు రాసుకున్నాను. ఫోను చొక్కా జేబులో నా చిన్న డైరీ పక్కన పట్టాలి. కరెంటు పోయినా రెండు రోజులు పనిచెయ్యాలి. శబ్దం గట్టిగా రావాలి. నేను అతని పలక చూడాలి గాని అతను నన్ను చూడాల్సిన పనేముంది? అందుకని ముఖం చూపించే కెమెరాకు సున్నా మార్కులు కేటాయించాను. జేబు కొలతకు సరిగ్గా ఒక అట్టముక్క కత్తిరించుకున్నాను. మర్నాడు దాన్ని పట్టుకుని గోల్ ఘర్ బజారుకు వెళ్లాను.

అక్కడి ఫోన్ల దుకాణదారుడిది శ్రీకాకుళం వైపు. వాళ్ల నాన్న ఇక్కడ కాంట్రాక్టులు చేసేవాడు. నా అట్టముక్కను రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఏటి బావూ ఇది?"

"కొలత. దీనికి మించకూడదు. కొటేషన్ రాసివ్వు, లెటర్‌హెడ్ మీద, సీలు వేసి."

"ఫోనుకి కొటేషనేటి? నేనేటి గవర్నమెంటుకి సిమెంటు సప్లై సేస్తన్నానా? సీలు లేదు గాని, కావాలంటే మా ఆవిడ చేత కుంకంబొట్టెట్టించి ఇస్తాను."

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అతను ఒక పెద్ద ఫోను నా చేతిలో పెట్టాడు. "ఇది అట్టుకెళ్లండి. వారం సూడండి. నచ్చకపోతే తెచ్చియ్యండి, నేనున్నాను కదా."

కాగితం మీద పెట్టలేని మాట ఇచ్చే మనిషి దగ్గర నేను గుండుసూది కూడా కొనను. సీలు లేకపోయినా సంతకంతో ఒక కాగితం రాయించుకునే బయటపడ్డాను.

రెండోది అద్దాల తలుపుల షాపు. లోపలి చలికి చొక్కా పైగుండీ పెట్టుకున్నాను. ఒక అమ్మాయి ఎదురొచ్చింది. తెలుగువాళ్ల పిల్లే. మాట మాత్రం సగం హిందీ.

"అంకుల్, సెల్ఫీ కే లియే యే బెస్ట్ హై. రాత్రి తీసినా మంచిగా వస్తుంది."

"నా ముఖం పగలు చూసినవాళ్లే రెండోసారి చూడరమ్మా."

"తో ఫిర్ మేడమ్ ఫొటో తీయండి అంకుల్."

"మేడమ్ పోయి ఆరేళ్లయింది."

"సారీ అంకుల్." రెండు క్షణాలు తల దించుకుంది. మళ్లీ ఎత్తింది. "ఇందులో స్టోరేజ్ జ్యాదా ఉంది. మేడమ్ ఫొటోలు అన్నీ పెట్టుకోవచ్చు."

చచ్చినవాళ్లను కూడా సరుకు కింద లెక్కగట్టే ఆ నేర్పుకు దండం పెట్టాలనిపించింది. నా అట్టముక్కకు సరిపోయేది తమ దగ్గర లేదని, చెన్నై నుంచి రావాలని, వచ్చాకే ధర చెబుతామని అంది. సరే, ఆగుతానన్నాను.

ఆ ఆగడం పందొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా డెలానీపూర్‌లో గొడుగులు, గాలాలు, టార్చిలైట్లతోపాటు ఫోన్లు కూడా అమ్మే ఒక ముసలాయన ఏమీ అడగకుండా గొడుగుల డబ్బా చింపి, దాని లోపలి వైపు కొటేషన్ రాసిచ్చాడు. "ఈ ధర ముప్పై రోజులు చెల్లును" అని తనంతట తనే రాశాడు. ఆఫీసులకు సామాను వేసిన మనిషి! నా మనసు అప్పుడే అటు మొగ్గింది. అయినా రెండో కొటేషన్ అందకుండా మొదటిదాన్నీ మూడోదాన్నీ పోల్చడం పద్ధతి కాదు. ఆగాను.

అమ్మాయి వచ్చినప్పుడల్లా నా బల్ల మీద గీతలు గీసిన కాగితం చూసి తల కొట్టుకునేది.

"నాన్నా, ఆయన అక్కడ పలక పట్టుకుని కూర్చుంటే నువ్విక్కడ అట్టముక్క పట్టుకుని తిరుగుతున్నావు."

ఉపాధ్యాయులకు కొనుగోలు విధానం తెలియదు. ఆ మాటే దానితో అన్నాను.

చివరికి మూడూ వచ్చాయి. మార్కులు వేశాను. గొడుగులాయన ఫోను చాలా తేడాతో నెగ్గింది. అది అరచేతిలో సగం ఉంటుంది. ఆయన అద్దాల బీరువాలో అలాంటిది ఒకటే ఉంది, దాని పెట్టె మీద దుమ్ము పట్టి ఉంది. ఎందుకు మిగిలిపోయిందో అడగాలని నాకు తట్టలేదు. అమ్మాయికి చూపిస్తే ఒక్క మాటే అంది: "ఇందులో అక్షరాలు కనిపిస్తాయా నాన్నా?"

అక్షరాల సైజుకు నా పట్టికలో గడి లేదు.

ఆ సాయంత్రమే అన్నీ అమర్చి, ఏ గుర్తు నొక్కితే వీడియో వస్తుందో అమ్మాయి నేర్పింది. సరిగ్గా అయిదింటికి మిన్నీ బేలో మా బెంచీ మీద కూర్చుని చెన్నైకి కలిపాను. మోగింది. ఎవరూ తీయలేదు. మర్నాడు అదే వేళకు మళ్లీ చేశాను. తీయలేదు. మూడో రోజు పాత ఫోనుతో అతని భార్యకు చేశాను.

"ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారు అన్నయ్యగారూ. ఫోను తీయొద్దన్నారు." ఆమె గొంతు తగ్గించింది. "మీరు వీడియోలో వస్తానన్నారని నేనే చెప్పాను. మొదట్లో రోజూ అయిదింటికి పలక కడిగి, చొక్కా మార్చుకుని కూర్చునేవారు. వారం చూశారు, పది రోజులు చూశారు. తర్వాత పలక మంచం కింద పెట్టేశారు. మందులకు తప్ప తీయడం లేదు. మాకు కూడా ఏమీ రాయడం లేదు."

ఇంటికొచ్చి డైరీ తిరగేశాను. ఆమె మొదటిసారి ఫోన్ చేసిన రోజు నుంచి నేను ఫోను కొన్న రోజు దాకా ఇరవై మూడు రోజులు. ఇరవై మూడు పేజీల నిండా ధరలు, కొలతలు, మార్కులు. వాదన అన్న చోట ప్రతిరోజూ గీత గీసి ఉంది. వాళ్లందరినీ మంద అన్నవాణ్ని నేను. గోల్ ఘర్‌లో నవ్వినవాళ్లలో ఏ ఒక్కడూ స్నేహితుణ్ని ఇరవై మూడు రోజులు అలా కూర్చోబెట్టడు. పొద్దుటే గులాబీ పువ్వు పంపే ఆ ఆఫీసరు కూడా కనీసం పువ్వు పంపి ఉండేవాడు.

మర్నాడు అయిదింటికి ముందే వెళ్లాను. ఈసారి ఆమెకు ముందుగా చెప్పాను: "ఫోను ఎత్తి ఆయన ఎదురుగా పెట్టెయ్యండమ్మా. తిట్టనివ్వండి."

అతను కనిపించాడు. మెడకు తెల్లని గుడ్డ, అరంగుళం ముఖం. నన్ను చూశాడు. "ఫోను కొన్నాను" అన్నాను.

పలక తీసి రాశాడు. తెరమీద గీతలే తప్ప అక్షరాలు లేవు.

"కనబడటం లేదు. పెద్దగా రాయి."

చెరిపి మళ్లీ రాశాడు. నేను కళ్లద్దాలు తీసి, పెట్టి, ఫోను ముక్కు దాకా తెచ్చాను. లాభం లేదు. మూడోసారి పలక నిండా ఒక్క మాట రాశాడు: "టెండరా?"

"అవును."

చెరిపి మళ్లీ: "ఎన్ని?"

"మూడు కొటేషన్లు. అన్నింటి మీదా తేదీ ఉంది."

అతని భుజాలు కదిలాయి. నవ్వో దగ్గో తెలియలేదు. శబ్దం లేని మనిషి నవ్వును గుర్తుపట్టడం నాకింకా రాదు. తర్వాత అతను రాసింది అతని భార్య చదవనంటుందని ఖాయంగా చెప్పగలను. ఒక్కొక్క మాట చొప్పున నాలుగు పలకలు పట్టింది. నాలుగూ చదివాను. నాలుగూ న్యాయమే.

అయిదో పలక మీద "సముద్రం" అని రాశాడు.

కెమెరాను అటు తిప్పే మీట ఏదో ఉందని అమ్మాయి చెప్పింది. ఏ గుర్తో మరిచిపోయాను. నొక్కితే ఫోను ఆగిపోతుందేమోనని భయం వేసింది. లేచి, ఫోనునే సముద్రం వైపు తిప్పి, చెయ్యి చాచి పట్టుకున్నాను. ఇప్పుడు తెర అటువైపు ఉంది. అతనికి సముద్రం కనిపిస్తుంది, నాకు పలక కనిపించదు. అతను పిలవలేడు.

నడిచి వెళ్తున్న ఒకావిడ ఆగింది. "అంకుల్, ఉల్టా పకడా హై. నేను తిప్పి ఇవ్వనా?"

"వద్దమ్మా, మీ పని చూసుకోండి" అన్నాను. ఆవిడ నవ్వుకుంటూ పోయింది.

మాట్లాడుతూ పోయాను. నీళ్లు బాగా వెనక్కి పోయాయని, రాళ్లు తేలాయని, ఎవరో ఇద్దరు గాలాలు వేసుకుని కూర్చున్నారని, దూరంగా ఒక తెల్ల ఓడ ఉందని, అది ఏ ఓడో అతనికైతే తెలిసేదని చెప్పాను. జవాబు రాదు. అతను వింటున్నాడో, ఫోను పక్కన పడేశాడో తెలిసే దారి లేదు. అయినా ఆపలేదు. నా జీవితంలో ఇంతసేపు ఎవరూ నా మాటకు అడ్డు చెప్పకుండా ఉండటం అదే మొదలు. అది నాకేమీ బాగాలేదు. మోచెయ్యి లాగుతోంది. ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను.

చివరికి ఫోను నావైపు తిప్పుకున్నాను. అతను అక్కడే ఉన్నాడు. పలక ఎంతసేపటి నుంచి ఎత్తి పట్టుకున్నాడో, అతని చేతులు కిందికి జారుతున్నాయి. రెండే మాటలు, పలక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా:

"వణుకుతోంది. కూర్చో."