గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు, ఒక రోటరీ ట్రంపెట్‌తో

రెండువేల ఆరు వేసవిలో హైదరాబాద్‌లో ఒక విదేశీ వాద్యబృందం కచేరీకి వెళ్లాను. ట్రంపెట్ వాయిస్తున్నాయన పై స్వరాలు వచ్చిన ప్రతిసారీ ఎడమచేత్తో ఒక చిన్న మీట నొక్కడం చూసి కుర్చీలో ముందుకు జరిగాను. అలాంటి మీట ఉన్న, తిరిగే కవాటాల రోటరీ ట్రంపెట్ ఒకప్పుడు మా గద్వాల బ్యాండులో ఉండేది. బ్యాండు మాస్టరు దాన్ని సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో కొన్నాడు. నేను క్లారినెట్, నా స్నేహితుడు చెన్నయ్య ట్రంపెట్. ఆ మీట కింద రంధ్రంలోంచి గాలి పోతోందని కనిపెట్టింది నేనే. "అది నొక్కితెనే పైకి మంచిగ పోతదిరా" అని చెన్నయ్య మొత్తుకున్నా వినకుండా, మాస్టరును ఒప్పించి దానిమీద తగరం పోయించిందీ నేనే. ఆ నెలలోనే పాన్‌గల్‌లో ఒక పెళ్లి ఊరేగింపులో చెన్నయ్య పై స్వరం పట్టబోతే అది జారి కీచుమంది. పెళ్లివాళ్లు పడీపడీ నవ్వారు. "నీ పెదవిల దమ్ము లేదు" అన్నాడు మాస్టరు అందరి ముందూ. చెన్నయ్య మళ్లీ బ్యాండుకు రాలేదు. తర్వాత నాగర్‌కర్నూల్‌లో పిండి పట్టే గిర్ని పెట్టుకున్నాడని విన్నాను.

కచేరీ అయ్యాక ఆ విదేశీయుణ్ణి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. ట్రంపెట్‌లో పైకి పోయేకొద్దీ స్వరాలు ఒకదానికొకటి దగ్గరపడతాయట. పెదవి రవ్వంత తేడా అయినా పక్క స్వరంలోకి జారిపోతుంది. మీట నొక్కితే గొట్టంలో సరైన చోట చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. అప్పుడు పక్క స్వరం నిలవదు, మనకు కావలసింది స్థిరంగా నిలుస్తుంది. ఊదే బలం మాత్రం మనదే. ఆ మాటలు విన్నాక నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం పొద్దున్నే కాచిగూడలో రైలెక్కాను.

పదకొండున్నరకు గద్వాలలో దిగి, స్టేషన్ నుంచి ఆటోలో నేతగాళ్ల వీధికి వెళ్లాను. మాస్టరు వాళ్లదీ మగ్గం ఇల్లే. పెళ్లిళ్ల రోజుల్లో బ్యాండు, మిగతా రోజుల్లో చీరలు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మాస్టరు భార్య గుమ్మంలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. "నర్సింగూ! గిన్నేండ్లకు గుర్తొచ్చిన్నా బిడ్డా?" అంటూ లేచింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, నేను అడగ్గానే పాత చీర ముక్కలో చుట్టిన ట్రంపెట్ తెచ్చి ఇచ్చింది. ఎవరికోసమో చెప్పాను.  ఆమె, "తీస్కపో. ఆ పిలగాన్ని నలుగుట్ల అనకుంట ఉండాల్సిండె అని ఆయన శాన సార్లు అనుకున్నడు. చెన్నయ్యకు చెప్పు" అంది.

ఒంటిగంటకు వనపర్తి బస్సు దొరికింది. టికెట్ ముప్పై రూపాయల లోపే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు కండక్టర్ నా ఒళ్లో మూట చూసి, "ఏంది సారూ అది, బందూకా?" అన్నాడు. ఇత్తడి మెరుపు చూపించాక నవ్వి, తన పెళ్లి బ్యాండు గురించి పెబ్బేరు దాకా చెప్తూనే ఉన్నాడు. వనపర్తి బస్టాండు దగ్గర స్టవ్‌లు బాగుచేసే ఖాసిం భాయికి ట్రంపెట్ ఇచ్చాను. తగరం కరిగించి తుడిచాక ఆయన రంధ్రాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. "సాబ్, ఇది పగిలిన రంధ్రం గాదు. అంచు జూడుండ్రి, ఎంత గుండ్రంగున్నదో. కావాలని పెట్టిండ్రు. మీట కింద తోలు పోయింది, గంతే." కొత్త తోలు ముక్క అతికించి, స్ప్రింగు సరిచేశాడు. గంట పని. దీనికోసమా ఇన్నేళ్లు అనిపించి నాకు తల కొట్టేసినట్టయింది.

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి ఆరు కావస్తోంది. చెన్నయ్య పిండిగిర్ని మూసే వేళ. కనుబొమ్మల మీద పిండి, తల సగం నెరిసింది. నన్ను చూసి నవ్వినవాడు మూట విప్పగానే ఆగిపోయాడు. రంధ్రం చూపించి, జరిగిందంతా చెప్పాను. మాస్టరు మాట కూడా చెప్పాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"నేను అప్పుడే చెప్పిన గదరా" అన్నాడు నెమ్మదిగా. "తర్వాత తర్వాత నాకే అనుమానమొచ్చింది. నా పెదవే మంచిది గాదేమో అనుకున్న."

చేతులు కడుక్కొచ్చి ట్రంపెట్ అందుకున్నాడు. మీట నొక్కకుండా ఊదితే పై స్వరం జారిపోయింది. మీట నొక్కి ఊదాడు. సన్నగా, వణుకుతూ అయినా ఆ స్వరం నిలబడింది. మళ్లీ ఊదాడు, మళ్లీ నిలబడింది. గిర్ని వెనక ఇంట్లోంచి చెన్నయ్య భార్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నోరు తెరిచి చూసింది. "నువ్వు ఊదుతవని నాకెన్నడు చెప్పకపోతివి?" అంది. చెన్నయ్య మీట నొక్కి ఇంకోసారి ఊదాడు.

నన్ను క్షమించానని వాడు అనలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. పొద్దున బస్సెక్కించేటప్పుడు ట్రంపెట్ తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. నాకు గుర్తున్న చెన్నయ్య ఎప్పుడూ ఇరవై ఏళ్లవాడే. ఆ వయసు వాడికి తిరిగి ఇవ్వలేను. ఆ మీట వాడి వేలికి అందడం మాత్రం నా కళ్లతో చూశాను. అందుకోసం ఇంత దూరమేం ఎక్కువ కాదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట: గద్వాలలో వనపర్తి బస్సు నేరుగా దొరక్కపోతే పెబ్బేరు దాకా వెళ్లి మారండి. చేతిలో వాద్యం ఉంటే మాత్రం బస్సు పైన వేయనివ్వకండి, ఒళ్లోనే పెట్టుకోండి.