తాతయ్య చెరిపేసిన పాట

నా చిన్నప్పుడు మా తాతయ్యకు సొంతంగా ఒక కేసెట్ కంపెనీ ఉండేదంటే ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నమ్మరు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాక, ఆ ఊళ్లోనే మలంచా పేటలో మేముండే ఇంటి ముందుగది గోడలకు పాత దుప్పట్లు కట్టి, దాన్నే రికార్డింగ్ గది చేశాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల ఆడవాళ్లు పెళ్లిళ్లలో పాడుకునే పాటలు వాళ్లతోనే పాడించి కేసెట్లు చేసేవాడు. మా ఊరి గోల్‌బజార్ ప్రెస్సులో తెలుగు అక్షరాలు ఉండేవి కావు. అందుకని కవర్ల మీద పేర్లన్నీ మా నాయనమ్మే చేత్తో రాసేది. తాతయ్య సంచీ నిండా కేసెట్లు వేసుకుని టాటానగర్, చక్రధర్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, తెలుగువాళ్ల క్వార్టర్లలో గడప గడపా తిరిగి అమ్మేవాడు.

అందరూ అడిగి మరీ కొన్నది మా పక్కింటి అక్క పాడిన అప్పగింతల పాట. ఆ అక్కకు అప్పటికింకా పెళ్లి కాలేదు. మైకు ముందు నిలబడితే సిగ్గుతో ఓణీ కొస నములుతుండేది. పాట మొదలయ్యాక మాత్రం కళ్లు మూసుకునేది, గదిలోకి ఎవరొచ్చినా తెరిచేది కాదు.

కొన్నేళ్లకు, సినిమా పాటలు దొంగచాటుగా ఎక్కించిన చవక కేసెట్లు బజారు నిండా వచ్చాయి. దుకాణాలవాళ్లు మా సరుకు తిప్పి పంపేశారు. తాతయ్య ఆ కేసెట్లను ఖాళీ టేపుల కింద ఒక వ్యాపారికి ఇచ్చేశాడు. వాటిమీదా సినిమా పాటలే ఎక్కాయి. ఆఖరి ప్రయత్నంగా భజనలు చేద్దామనుకున్నాడు కానీ కొత్త టేపు కొనే స్తోమత లేదు. అక్క పాటను మొదట రికార్డు చేసిన అసలు టేపు మీదే భజన ఎక్కించాడు. పాట ఎవరో ఒకరి దగ్గర ఉండకపోతుందా అనుకున్నాడట. ఆ భజనలూ అమ్ముడుపోలేదు.

ఆ వానాకాలమే అక్క కామెర్లతో పోయింది. నెల తిరక్కుండా వాళ్లమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, దాని గొంతు ఒక్కసారి ఇనిపించు. మా ఇంట్లో కేసెట్టు నలిగి తెగిపోనాది. కొన్నోళ్లనీ అడిగినాను, ఎవల దగ్గరా లేదు" అంది.

నాయనమ్మ వెనకనించి తాతయ్య చెయ్యి పట్టుకుని, టేపుకు బూజు పట్టిందని చెప్పమని గొణిగింది. అది నాకు వినబడింది. అలా చెబితే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"నానే సెరిపేసినానమ్మా. దాని మీద భజన ఎక్కించినాను" అన్నాడు తాతయ్య.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. గోడకు ఆనుకుని కూలబడి, "ఏటీ మిగల్లేదా?" అని మాత్రం అడిగింది.

తాతయ్య టేపు పెట్టాడు. భజన దాదాపు అక్క పాటంత పొడవునా సాగింది. అది ఆగిపోయాక, చివర చెరగకుండా మిగిలిన చోట అక్క గొంతు వినిపించింది. పాట కాదు. పాడడం ముగించి తాతయ్యను అడిగిన మాట.

"అయిపోనాదా మావయ్యా?"

ఆవిడ మళ్లీ పెట్టమంది. తాతయ్య వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. వర్క్‌షాపు సాయంత్రం సైరన్ మోగేదాకా ఆ ఒక్క మాటే వింటూ కూర్చున్నారు ఇద్దరూ. తర్వాత తాతయ్య టేపునీ, రికార్డు చేసే మిషన్‌నీ తనే మోసుకెళ్లి వాళ్లింట్లో పెట్టి వచ్చాడు. మర్నాడు గోడలకున్న దుప్పట్లు విప్పేశాడు. కంపెనీ అంతటితో సరి.

ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు. గోడ అవతల నుంచి ఆ మాట పగలల్లా వినబడుతూనే ఉండేది. నాయనమ్మ చెవులు మూసుకునేది. తాతయ్య మాత్రం ఆ గోడ పక్కనుంచి లేచేవాడు కాదు.

నిజం చెబితే గుండె బరువు దిగుతుందంటారు. మా తాతయ్యకు దిగడం నేను చూడలేదు. ఆవిడకూ దానివల్ల ఒరిగిందేమీ లేదు. అయినా ఈ వయసులో కూడా, నా చేతుల్లో ఏదైనా పాడైపోతే, సాకు చెప్పడానికి నాకు నోరు పెగలదు. నేనే చేశానని చెప్పేస్తాను. చెప్పాక, ఎదుటివాళ్లు ఏమంటే అది పడడానికి అక్కడే నిలబడతాను.