జర్మనీ మీదుగా పక్క గదికి

ప్రభుత్వం కంట పడకుండా ప్రభుత్వానికి ఒక మాట చెప్పాలనుకున్నాను. దాని ఫలితంగా, అంతవరకూ నన్ను పట్టించుకోని ప్రభుత్వం నన్ను పేరు పెట్టి పిలిచింది. అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనంత చెబుతాను.

మాది గోదావరి పక్కన బొగ్గు గనుల ఊరు. మా నాన్న, బాపు, గనిలోనే పనిచేశాడు. ఆయన పోయాక సమాధికి కరీంనగర్ నుంచి నల్లరాయి తెప్పించి, గనిలో తలకు పెట్టుకునే దీపం బొమ్మ దాని మీద చెక్కించాను. ఆ చలికాలం మురికికాలువ తవ్వే యంత్రం తగిలి సమాధి మీది సిలువ విరిగింది. ఈస్టర్ నాడు అవ్వ, అంటే మా అమ్మ, అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తుంది. ఆలోపు సిలువ బాగవ్వాలి. విరిగినట్టు అవ్వకు తెలియకూడదు.

చిక్కేమిటంటే, కాలువ తవ్విస్తున్నది పురపాలక కార్యాలయం. నేను గుమాస్తాగా పనిచేసేదీ అక్కడే. సొంత ఆఫీసు మీద పేరు పెట్టి ఫిర్యాదు చేసే ధైర్యం నాకు లేదు. పైగా, ఎవరి ఫోన్‌లో ఏముందో ప్రభుత్వాలు ఎలా చూస్తాయో చెప్పే పుస్తకం ఒకటి అప్పుడే చదివి ఉన్నాను. దుఃఖంలో ఉన్న మనిషి చదవాల్సిన పుస్తకం కాదది. ఇంట్లో మిక్సీ తిరిగినా నా గురించే ఎవరికో చెబుతున్నట్టుండేది.

సెల్‌ఫోన్ల దుకాణం శ్రీను నా కంప్యూటర్‌లో అజ్ఞాతంగా తిరిగే బ్రౌజర్ ఒకటి పెట్టాడు.

"గిది ఉల్లిగడ్డ లెక్కనే అన్నా. పొర మీద పొర. నువ్వు రాసింది మూడు దేశాలు తిరిగి పోతది. ఏడికెల్లి వచ్చిందో ఎవ్వనికి ఎర్కుండది."

"మరి జవాబు నాకెట్ల వస్తది?"

"గది గూడ తిరుక్కుంటనే వస్తదన్నా."

అర్థమైనట్టు తలూపాను.

ఫిర్యాదుల వెబ్‌సైట్ నేను జర్మనీలో ఉన్నాననుకుంది. మనిషినో కాదో తేల్చుకోవడానికి, పొగగొట్టాలున్న ఇళ్ల బొమ్మలు ఎంచుకొమ్మంది. మా వైపు పొగగొట్టమంటే కరెంటు కేంద్రానిదే. చాలాసార్లు మనిషిని కాదని తేలాక, చివరికి విసుగొచ్చి అదే ఒప్పుకుంది. దీపం చెక్కిన నల్లరాయి సమాధి మీది సిలువ విరిగిందని వివరంగా రాసి, పేరు దగ్గర 'ఒక పౌరుడు' అని పెట్టాను.

మర్నాడు ఆ ఫిర్యాదు నా బల్ల మీదికే వచ్చింది. ఆఫీసులో ఫిర్యాదులు తెరిచి కమిషనర్ సారుకు అందించేది నేనే. ఈ సంగతి ముందే ఎందుకు తట్టలేదని అడగకండి. నేనూ అదే అడుగుతున్నాను.

సారు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"గీ పౌరుడెవ్వడయ్యా?"

"తెల్వదు సార్. పేరు రాయలే."

"దీపం చెక్కిన సమాధులు మన ఊర్ల ఎన్నున్నయి?"

లెక్కపెడుతున్నట్టు పైకప్పు వైపు చూశాను.

"దానియేలూ, గా రాయి నిలవెట్టిననాడు ప్రార్థనకు నేను గూడ వచ్చిన. దీపం మీద చెయ్యి పెట్టి ఏడ్సినవ్ నువ్వు."

ఉల్లిగడ్డ సంగతంతా చెప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "నా గది పక్కదే గదా. జర్మనీ మీదికెల్లి ఎందుకొచ్చినవ్?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకు. మేస్త్రికి పోయిన వారమే చెప్పిన. మీ అవ్వ వచ్చి అడిగిపోయింది. నీకు చెప్పద్దన్నది," అన్నాడు.

ఈస్టర్ నాడు బాగైన సిలువ కింద కొవ్వొత్తి వెలిగిస్తూ అవ్వ ఒక్కటే మాటంది. "నీకు తెలిస్తే మల్ల అన్నం తినుడు బంద్ జేస్తవనుకున్న బిడ్డా."

బ్రౌజర్ తన పని సరిగ్గానే చేసింది. నా చిరునామా దాచింది. నన్ను దాచాల్సింది నేను. ఆ బ్రౌజర్ ఇప్పటికీ నా కంప్యూటర్‌లో ఉంది, నేనేం చదువుతున్నానో ఇతరులకు అనవసరం కాబట్టి. కానీ ఆ దీపం ముందు నిలబడి ఒక ప్రమాణం చేశాను. పక్క గదిలో చెప్పాల్సిన మాటను ఇక దేశం దాటించను. అవ్వకు తెలియకుండా ఏదైనా దాచాల్సి వస్తే, ఎలా దాచాలో ముందు అవ్వనే అడుగుతాను.