కుప్పంలో నా గొంతు

నేను పుట్టి పెరిగింది మలేషియాలో, పామాయిల్ తోటల పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో. మా తాతమ్మ చిత్తూరు జిల్లా నుంచి పసిపిల్లగా ఓడెక్కి వచ్చిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఊరి నుంచి అన్నది ఎవరికీ తెలియదు. అమ్మానాన్నలు పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోయేవారు కాబట్టి నన్ను సాకింది తాతమ్మే. ఇంట్లో మిగతావాళ్ళు మలయ్, తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారు. తెలుగు మా ఇద్దరిదే. నేను బడి పిల్లగా ఉండగానే ఆమె పోయింది. ఆ తర్వాత నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. డిగ్రీ అయ్యాక, నోటికొచ్చిన ఆ భాషను రాయడం, చదవడం కూడా నేర్చుకోవాలనిపించి ఏడాది కోర్సుకు కుప్పం వచ్చాను.

హాస్టల్లో చోటు లేదని కాలేజీవాళ్ళే నాకొక ఇల్లు చూపించారు. ఆ ఇంటి అంకుల్ బస్సు డిపోలో మెకానిక్. ఆంటీ నర్సు. ఆమె మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, చర్చి మానదు, ప్రార్థన లేకుండా పొయ్యి వెలిగించదు. వాళ్ళ కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, అతని గది నాకిచ్చారు. ఇంట్లో ఇంకొక మనిషి అంకుల్ వాళ్ళమ్మ. ఎనభై దాటింది, చూపు పూర్తిగా పోయింది. వీధిలో అందరూ ఆమెను అవ్వా అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను.

నేను పెట్టెతో లోపలికి వెళ్ళేసరికి అవ్వ వరండాలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. రెండు వేళ్ళ మధ్య గింజను నొక్కితే తోలు వేళ్ళలో మిగిలి, పప్పు గిన్నెలో పడుతుంది. చూపు లేకపోయినా ఒక్క గింజ కింద పడటం లేదు.

"మలేషియా పాప అని చెప్పింటి గదా అవ్వా, వచ్చింది" అంది ఆంటీ.

పెద్దవాళ్ళు కనబడితే ఎలా పలకరించాలో తాతమ్మ నాకు నేర్పింది. అలాగే పలకరించాను.

"వస్తిని అవ్వా. బువ్వ తింటివా?"

అవ్వ వేళ్ళు ఆగిపోయాయి. పితుకుతున్న గింజ జారి మెట్ల మీదుగా దొర్లిపోయింది. ఆమె దాన్ని వెతకలేదు. ముఖం నా వైపు తిప్పింది కానీ సరిగ్గా నా వైపు కాదు, నా తల మీదుగా కొంచెం పైకి. నాకంటే పొడుగాటి మనిషి అక్కడ నిలబడి ఉన్నట్టు.

"తింటినమ్మా" అంది.

ఆ సీమలో అందరూ అందర్నీ అమ్మా అనే అంటారు. కూరగాయలామె నన్ను అమ్మా అంటుంది, బస్సు కండక్టర్ అమ్మా అంటాడు, పాలుపోసే అతను ఆంటీని అమ్మా అంటాడు. అందుకే అవ్వ పిలుపులో నాకు విశేషమేమీ కనిపించలేదు. అయితే ఆంటీ మాత్రం లోపలికి వెళ్ళబోతూ ఆగి, అవ్వను, తర్వాత నన్ను ఒకసారి చూసింది.

తరగతిలో నా తెలుగు విని మొదట్లో అందరూ నవ్వారు. పొద్దున పది గంటల వేళను నేను అంబలిపొద్దు అన్నాను. మా లెక్చరర్ నవ్వలేదు. ఆ మాట చిన్నప్పుడు విన్నానని, వాడేవాళ్ళు ఇప్పుడు లేరని చెప్పి, ఇంకా మాట్లాడమన్నారు. నా మాటలు ఈ నేల నుంచే ఓడెక్కాయని ఆ రోజే నాకు నమ్మకం కలిగింది. చాలా సంతోషపడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చి అవ్వకు చెబితే ఆమె తల ఊపి, "నువ్వు యాడికీ పోలేదు గదమ్మా, ఈడనే ఉండావు" అంది.

నేను వచ్చాక అవ్వ నా చేత తప్ప ఇంకెవరి చేతా అన్నం పెట్టించుకునేది కాదు. తల దువ్వడానికి ఆంటీ వస్తే విదిలించుకునేది. నేను దువ్వెన పట్టుకుంటే మోకాళ్ళు ముడుచుకుని నా ముందు కూర్చునేది. దువ్వుతున్నంతసేపూ ఆమె గొంతు సన్నబడేది. "చిక్కు తీయొద్దమ్మా, నొప్పి" అనేది. ఒకసారి ఆ గొంతు విని, స్కూటర్ తుడుస్తున్న అంకుల్ చేతిలో గుడ్డతోనే లోపలికి వచ్చాడు, ఇంట్లోకి ఎవరి చిన్నపిల్లో వచ్చిందనుకుని. వచ్చి చూసి, మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

పొద్దున నేను కాలేజీకి బయలుదేరడం కష్టమయ్యేది. "పోయొస్తా అవ్వా" అంటే చాలు, ఆమె నా మణికట్టు పట్టుకునేది. ఆ పట్టు ముసలిచేతి పట్టులా ఉండేది కాదు. ఆంటీ వచ్చి ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చేది. చివరికి చెప్పకుండా వెళ్ళమంది. చెప్పకుండా వెళ్ళిన రోజున అవ్వ పగలంతా గడప దగ్గరే కూర్చుని ఉండేదట.

ఒక ఆదివారం మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఆంటీని అడిగాను. "అవ్వ నన్ను ఎవరనుకుంటోంది ఆంటీ?"

ఆంటీ తడి దుప్పటి మడత విప్పుతూ, "నీకు తెలుసనుకుంటి" అంది. "అమ్మా అంటాది గదా."

"ఇక్కడ అందరూ అంటారు కదా."

"అందరూ అనేది వేరు. ఆయమ్మ అనేది వేరు. వాళ్ళమ్మ అనుకుంటాది నిన్ను."

మిషన్ ఆసుపత్రిలో పెద్దవాళ్ళ నోట విన్నది అప్పుడు చెప్పింది. అవ్వది పుంగనూరు దగ్గర పల్లె. కూలికి పోయే ఇల్లు. తండ్రి లేడు. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక పొద్దున వాళ్ళమ్మ బిడ్డను గడప మీద కూర్చోబెట్టి, తినడానికి పెట్టి, వస్తానని చెప్పి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. బావులన్నీ వెతికారు, సంతల్లో అడిగారు. చచ్చిందో బతికిందో ఎవరికీ తెలియలేదు. ఊరివాళ్ళు బిడ్డను మదనపల్లె మిషన్ హాస్టల్లో వదిలిపెట్టారు. అక్కడే పెరిగి, అక్కడే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, కొడుకును చదివించుకుంది.

"ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా వాళ్ళమ్మ మాట ఎత్తలేదు" అంది ఆంటీ. "నువ్వొచ్చి పలికినాకనే."

దుప్పటి తీగ మీద వేసి, తడి చేత్తోనే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. ఏమని అడగాలో ఆమెకు తోచలేదనుకుంటాను. ఆమెన్ అని చెయ్యి తీసేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మదనపల్లెలో ఆంటీ తమ్ముడి గృహప్రవేశ ప్రార్థన జరిగింది. అంకుల్ డిపోలో స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. అందరం వెళ్ళి, భోజనాలయ్యాక మధ్యాహ్నం వెనక్కి బయలుదేరాం. అవ్వ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. పుంగనూరు ఇంకా రాలేదు. రోడ్డు పక్కన టమోటా తోటలు, వాటి వెనక బండరాళ్ళ గుట్టలు. ఉన్నట్టుండి అవ్వ తలెత్తింది.

"అమ్మా, మన మలుపొచ్చె. దిగుదాం."

అంకుల్ బ్రేకు వేశాడు. ఎడమవైపు ఒక మట్టిదారి ఉంది. అతను అద్దంలో నా వైపు చూసి, "ఇదేనేమో, నాకూ తెలీదు పాపా. నన్నెప్పుడూ పిల్చుకొని రాలేదు" అని మెల్లగా అన్నాడు. కారు ఆ దారిలోకి తిప్పాడు.

ఊరు చిన్నది. చాలావరకు కొత్త మిద్దెలే. ఎండకు వీధిలో ఎవరూ లేరు. ఒక ఇంట్లోంచి టీవీ శబ్దం వస్తోంది. అవ్వ నా మణికట్టు పట్టుకుని నన్ను నడిపించింది. చూపున్నది నాకు, దారి తెలిసింది ఆమెకు. ఊరి చివర సీతాఫలం పొదల మధ్య పడిపోయిన ఇల్లొకటి ఉంది. పైకప్పు లేదు. రాతి గడప, దాని పక్కన మనిషెత్తు మట్టిగోడ మిగిలాయి. అవ్వ కాలితో గడపను తడుముకుని దాని మీద కూర్చుంది. అంకుల్, ఆంటీ కొంచెం దూరంలో ఆగిపోయారు.

"ఆ పొద్దు నాకేం పెట్టి పోతివి?" అని అడిగింది.

నేను ఆలోచించలేదు. "సంగటి. సెనక్కాయల ఊరిబిండి" అన్నాను.

"తినేసినాక ముంత యాడ పెట్టమంటివి?"

"గూట్లో."

అవ్వ వెనక్కి తిరగకుండానే కుడిచెయ్యి వెనక్కి చాపింది. గోడలో, పాచి పట్టి గోడ రంగులోనే కలిసిపోయిన గూడు ఒకటుంది. నేనప్పటిదాకా దాన్ని చూడలేదు. ఆమె చెయ్యి మోచేతిదాకా లోపలికి వెళ్ళింది. లోపల ఏమీ లేదు. ఊరికే తడిమి, చెయ్యి బయటికి తీసుకుంది.

ఆ రోజుల్లో పేద ఇంట్లో తినేది సంగటి, వేరుశనగ పచ్చడే అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రతి మట్టిగోడకూ గూడుంటుంది. మా తాతమ్మ చెప్పిన కబుర్లలో ముంతలన్నీ గూళ్ళలోనే ఉండేవి. ఇదంతా నిజమే. అయినా నేను గూటి దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఎప్పుడొస్తానంటివి?" అంది అవ్వ.

జవాబు నా నాలుక మీద ఉంది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. ఆమె తనే చెప్పింది. "అంబలిపొద్దుకంతా వచ్చేస్తానంటివి."

నా నాలుక మీద ఉన్నదీ అదే.

ఇంటికి వచ్చాక నేను అవ్వతో మాట్లాడటం మానేశాను. ఆంటీతో ఇంగ్లీషులో మాట్లాడాను. అదే వారంలో కాలేజీ పని కోసం ఫోన్‌లో ఒక చిన్న ఉపన్యాసం రికార్డు చేశాను. పరీక్షగా పెట్టుకుని వింటే అందులో మాట్లాడుతున్నది నేను కాదు. మా తాతమ్మ అనిపించింది మొదట. మళ్ళీ విన్నాను. తాతమ్మ గొంతు నాకు బాగా గుర్తు, అది కొంచెం బొంగురు. ఇది ఆమె కూడా కాదు. దాన్ని చెరిపేసి, పుస్తకంలో ఉన్నట్టు ఒక్కొక్క మాటా కూడబలుక్కుని మళ్ళీ చదివి పంపాను.

అవ్వ అన్నం ముట్టడం మానేసింది. అంకుల్ తక్కువ మాట్లాడే మనిషి. ఒక సాయంత్రం నా గది తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"నిన్ను బలవంతం చేసేది లేదు పాపా. భయమైతే చెప్పు, వేరే ఇల్లు చూస్తా. నాకు రిటైర్మెంట్ దగ్గరికి వస్తాండాది. మా అమ్మ నవ్వేది నేనెప్పుడూ చూడలేదు. ఈ మధ్య చూస్తి. అందుకే అడుగుతాండా."

మర్నాడు పొద్దున అవ్వకు ఇడ్లీ తీసుకెళ్ళి, "తిందువు రా" అన్నాను. ఆమె నోరు తెరిచింది. అప్పటి నుంచి కిటికీలు తెరిచిపెట్టి, వరండాలో, అందరి ఎదుటా మాత్రమే ఆమెతో మాట్లాడాను. భయం పూర్తిగా పోలేదు. వంటగిన్నెల చప్పుడూ, రైలు కూతా వినబడుతుంటే భరించగలిగాను.

కోర్సు అయిపోయింది. అవ్వకు చెప్పకుండా వెళ్ళిపొమ్మని ఆంటీ బతిమాలింది. నాకు మనసొప్పలేదు. మళ్ళీ రానని చెప్పకుండా వెళ్ళినవాళ్ళు ఆమెకు ఒకరు చాలనిపించింది. బయలుదేరే పొద్దున ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, నేను పోతాండాను. మా ఊరికి. మళ్ళీ రాను."

ఆమె గట్టిగా పట్టుకుంటుందని కాచుకుని ఉన్నాను. పట్టుకోలేదు. ముఖం కిందికి దించి, మొదటిసారి సరిగ్గా నా ముఖానికి ఎదురుగా పెట్టింది. గొంతు మామూలు ముసలిగొంతు.

"మలేషియాకు గదా. విమానం ఎన్నింటికి?"

"నేనెవరో నీకు తెలుసా అవ్వా?"

"యాల తెలీదు? కాలేజీలో సదివే పిల్లవి. మా కోడలు మొదటి దినమే చెప్పె."

"మరి అమ్మా అని..."

"నిన్ను గాదు పాపా" అంది అవ్వ, నొచ్చుకుంటానేమోనని నా చెయ్యి నిమురుతూ. "నీతో యాడ మాట్లాడితి నేను? నువ్వు నోరు తెరిస్తే ఆమె పలుకుతాండె. ఆమెతో మాట్లాడితి. నువ్వు మంచిదానివి, అడ్డం రాలేదు."

ఆటో వచ్చింది. అంకుల్ పెట్టె ఎత్తాడు. అవ్వ గడప దాకా వచ్చి, "జాగ్రత్తగా పో పాపా" అంది. నాకు ఆమె నుంచి అందిన మొదటి మాటలు ఆ పొద్దుటివే అనుకుంటాను.

ఇంటికి చేరాక వారానికోసారి ఆంటీకి ఫోన్ చేస్తున్నాను. ఒకసారి అవ్వకు ఇమ్మని అడిగాను. "బువ్వ తింటివా అవ్వా?" అన్నాను, అచ్చం మొదటి రోజులాగే. అవ్వ మర్యాదగా, "తింటి పాపా, మీ ఇంట్లో అందరూ బాగుండారా?" అని అడిగి ఫోన్ ఆంటీకి ఇచ్చేసింది. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో చెప్పలేను. ఫోన్‌లో నేను మాట్లాడేది విని మా అమ్మ కూడా నా తెలుగు మారిపోయిందంటోంది, టీవీలో వార్తలు చదివేవాళ్ళలా ఉందట.

పోయిన వారం ఆంటీని అడిగాను, అవ్వ ఇప్పుడు సరిగ్గా తింటోందా, ఎవరు పెడుతున్నారు అని.

"తనే తింటాది. బాగుండాది" అంది ఆంటీ. వెనక కుక్కర్ కూత వినబడింది. "పొద్దున మేం పనులకు పొయ్యేటప్పుడు వరండాలో కుచ్చోని మాట్లాడతా ఉంటాది."

"ఎవరితో?"

"ఎవురూ ఉండరు. ముసలోళ్ళు తమలో తాము మాట్లాడుకుంటారు గదా, అట్లనుకుంటి మొదట. అట్ల గాదు. ఒక మాట అడిగి ఆగతాది. అవతలి మనిషి జవాబు చెప్పేంతసేపు ఆగతాది. మళ్ళా దానికి తగినట్టే ఇంకోటి అడగతాది. మీ అంకుల్ ఒకరోజు తలుపెనక నిలబడి విన్నాడు."

"జవాబు ఏమైనా వినబడిందా?"

"ఆయనకేం వినపడలేదంట" అంది ఆంటీ. "డ్యూటీకి ఆలస్యమైపోతాండాదమ్మా, మళ్ళీ చేస్తా" అని ఫోన్ పెట్టేసింది.